ఆ మాట తిరిగి అనొచ్చా?

మన ఊళ్ళ నుంచి ఏటా ఎంతోమంది ఆడపిల్లలు పైచదువులకు ఇంగ్లండు, స్కాట్లండు వెళుతున్నారు. ఎదుటి మనిషిని పిలవడానికి వాళ్ళకి ఇక్కడ బళ్ళో నేర్పిన ఇంగ్లీషు మాటలు రెండే: సార్, మేడమ్. తీరా నాటింగ్‌హామ్‌లో దిగి బస్సెక్కితే డ్రైవరు "ఎక్కడికి, డక్?" అంటాడు. డక్ అంటే బాతు. గ్లాస్గో కొట్లో సరుకులు కొంటే, చిల్లర చేతిలో పెడుతూ కొట్టావిడ "హెన్" అంటుంది. అంటే కోడిపెట్ట. న్యూకాజిల్‌లో "పెట్" అంటారు. బ్రిస్టల్‌లో అయితే తాత వయసున్న పెద్దమనిషి నిండు బజారులో "ఆల్ రైట్, మై లవర్?" అని పలకరిస్తాడు. ఈ చివరి సంగతి ఆ పిల్ల ఫోన్లో చెప్పిందంటే ఆ రాత్రి ఇక్కడ వాళ్ళమ్మకి నిద్ర పట్టదు.

ఆవిడ నిశ్చింతగా నిద్రపోవచ్చు. బ్రిస్టల్‌లో, ఆ చుట్టుపక్కల ఇంగ్లండు నైరుతి మూలన, ఆ మాటకి మనం "ఏమ్మా, బాగున్నావా" అన్నప్పటి "అమ్మా"కి ఉన్నంత బరువే ఉంటుంది. అక్కడి మగవాళ్ళు ఆడవాళ్ళని అంటారు, ఆడవాళ్ళు మగవాళ్ళని అంటారు. ప్రేమ సంగతి ఎవరికీ తట్టదు.

ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో అమ్మాయిల్ని, వయసులో ఉన్న ఆడవాళ్ళని చనువుగా పిలిచే ఇలాంటి పిలుపుల గురించి ఈరోజు నాలుగు మాటలు చెబుతాను.

అసలు ఇన్ని పిలుపులు వాళ్ళకెందుకు? మనకైతే సగం పని క్రియే చేసిపెడుతుంది. రావే, రా, రామ్మా, రండి. ఈ నాలుగింట్లో ఏది అన్నామన్నదాన్ని బట్టి ఎదుటి మనిషి మనకేమవుతుందో, ఆమెని ఎక్కడ కూర్చోబెట్టామో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఒకప్పుడు "నువ్వు"కి దౌ, "మీరు"కి యూ అని రెండూ ఉండేవి. పదిహేడో, పద్దెనిమిదో శతాబ్దాలు గడిచేసరికి మామూలు మాటల్లోంచి దౌ జారిపోయి, రాణీగారికీ పనిమనిషికీ ఒకే యూ మిగిలింది. చనువు, గౌరవం, చులకన, గారం, వీటన్నిటినీ మోసే పని వాక్యం చివర తగిలించే చిన్న పిలుపు మీద పడింది. అందుకే ఆ చిన్న మాట ఒకచోట తేనెలా ఉంటుంది, ఇంకోచోట చెంపదెబ్బలా తగులుతుంది.

ముందు బ్రిటన్‌లోనే కొంచెం తిరుగుదాం. డక్ అనే పిలుపు నాటింగ్‌హామ్, డార్బీ, కుండల పరిశ్రమకి పేరుపడ్డ స్టోక్, ఈ మధ్య ఇంగ్లండు ఊళ్ళ సొత్తు. "ఏయప్, మి డక్" అంటే "ఏమమ్మా, ఎలా ఉన్నావు" అన్నంత. సాక్సన్ల కాలంలో ప్రభువులకున్న బిరుదు నుంచి ఇది వచ్చిందని స్థానికులు కొందరు గొప్పగా చెప్పుకుంటారు. నాకు ఆ కథ మీద పెద్ద నమ్మకం లేదు. ఏ భాషలోనైనా ముద్దొస్తే పిట్టల పేర్లు నోటికి రావడానికి రాజుల సాయం అక్కర్లేదు. షేక్‌స్పియర్ "మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్" చివరి అంకంలో బాటమ్ అనే నేతగాడు నాటకంలో నాటకం ఆడుతూ తన ప్రియురాలిని పట్టుకుని డక్ అంటాడు. అంటే నాలుగు వందల ఏళ్ళ కిందటే అది ముద్దుమాట. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పనుంది. నాటింగ్‌హామ్‌లో డక్ ఆడవాళ్ళకి మాత్రమే కాదు, మగవాళ్ళనీ అంటారు, మగవాళ్ళు మగవాళ్ళనీ అంటారు.

గ్లాస్గో హెన్ అలా కాదు. అది ఆడవాళ్ళకే. పసిపిల్లనీ అంటారు, పండు ముసలినీ అంటారు. ఈశాన్యాన న్యూకాజిల్, సండర్లాండ్ వైపు పెట్, దానికి తోడు హనీకి వాళ్ళ యాసలో రూపమైన హిన్నీ. 1983లో బ్రిటిష్ టీవీలో "ఆఫ్ వీడర్‌జేన్, పెట్" అని ఒక ధారావాహిక వచ్చింది. పని దొరక్క జర్మనీ వలసపోయిన ఇటుకపని మేస్త్రీల కథ. ఆ పేరులో మొదటి సగం పోతున్న దేశపు వీడ్కోలు, రెండో సగం ఇంటిదగ్గర వదిలి వెళుతున్న మనిషి. పేరు పెట్టినవాడెవడో గట్టివాడు. లండను తూర్పు పేటల్లో కొందరు "ట్రీకల్" అంటారు. ట్రీకల్ అంటే బెల్లపుపాకం లాంటిది. అయితే తీపికోసం వచ్చిన మాట కాదది. ట్రీకల్ టార్ట్ అనే మిఠాయికి స్వీట్‌హార్ట్‌తో ప్రాస కుదిరింది కనుక అసలు మాట దాచేసి ప్రాసమాట వాడతారు. ఆ పేటలవాళ్ళకి అదో సరదా.

ఉత్తరాన అన్నిచోట్లా వినబడేది లాస్, దాన్నే ఇంకాస్త ముద్దు చేస్తే లాసీ. మనవాళ్ళకి ఈ మాట కుక్క పేరుగానే ఎక్కువ తెలుసు. యార్క్‌షైర్‌లో పుట్టిన ఎరిక్ నైట్ 1940లో రాసిన నవలలో ఆడకుక్కకి ఆ పేరు పెట్టాడు. 1943లో సినిమా తీసినప్పుడు లాసీ వేషం కట్టింది పాల్ అనే మగకుక్క. మన పాత నాటకాల్లో ఆడవేషాలు కట్టిన స్థానం వారి సంప్రదాయం హాలీవుడ్‌కీ ఉందన్నమాట.

ఇంకో జోడీ ఉంది. లివర్‌పూల్‌లో పెద్దావిడలు చిన్నపిల్లల్ని "క్వీన్" అంటారు. అబర్డీన్ వైపు పల్లెల్లో ఆడపిల్లని "క్వైన్" అంటారు. పాత ఇంగ్లీషులో ఆడమనిషికీ భార్యకీ ఉన్న, ఒకే కుదురులో పుట్టిన రెండు మాటల సంతానం ఇవి. ఒకటి పెరిగి పెరిగి సింహాసనం ఎక్కింది. రెండోది దక్షిణాదిలో పతనమై వేశ్య అనే అర్థానికి దిగిపోయింది. అబర్డీన్‌లో మాత్రం ఎటూ పోకుండా ఇంటి అమ్మాయిగానే ఉండిపోయింది.

ఈ పతనం సంగతి కాస్త చూడాలి, ఎందుకంటే ఇది ఒక్క మాటకి పట్టిన గతి కాదు. గర్ల్ అన్న మాటనే తీసుకోండి. మొదట్లో దానికి ఆడ, మగ భేదం లేదు, పిల్ల అనే అర్థం. 14వ శతాబ్దం చివర చాసర్ "కాంటర్‌బరీ కథలు" పీఠికలో ఆ మాట వాడినప్పుడు కుర్రకారునంతా కలిపే చెప్పాడు. తర్వాత అది ఆడపిల్లకే పరిమితమై, ఆపైన పనిపిల్లకీ, ప్రియురాలికీ, ఇంకా కిందికీ పాకింది. వెంచ్ కూడా మొదట పసిబిడ్డే. తర్వాత పల్లెటూరి పిల్ల, పనిపిల్ల, చివరికి తిట్టు. కానీ బర్మింగ్‌హామ్ పక్కన బ్లాక్ కంట్రీ అనే పాత బొగ్గు, ఇనుము ప్రాంతంలో ఇప్పటికీ చెల్లెల్ని "అవర్ వెంచ్" అంటారు, నిండు ప్రేమతో. డాల్ అనేది డొరతీకి ముద్దుపేరు. ముందు ఉంపుడుకత్తెకి పేరై, తర్వాత ఆటబొమ్మకి పేరై, ఇరవయ్యో శతాబ్దం అమెరికాలో మళ్ళీ అమ్మాయి దగ్గరికే వచ్చింది. మేరీకి ముద్దుపేరు మాల్, గూండా పక్కన తిరిగే ఆడదానికి పేరైంది. ఐర్లండు నుంచి ఆస్ట్రేలియా వెళ్ళిన షీలా అక్కడ ఏ అమ్మాయికైనా చెల్లే పేరైపోయింది. ఇప్పుడు సిడ్నీలో ఎవరినైనా అలా పిలిస్తే మొహం చిట్లిస్తారు.

1975లో మ్యూరియల్ షుల్ట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ జాబితానంతా ముందేసుకుని ఒక వ్యాసం రాసింది. ఆడవాళ్ళకి వాడే మాటలు మంచిగా మొదలై చెడ్డగా ముగుస్తాయనీ, వాటికి జోడీగా ఉన్న మగ మాటలకి ఆ గతి పట్టదనీ ఆమె చూపించింది. మాస్టర్ ఇప్పటికీ మాస్టరే. మిస్ట్రెస్ మాత్రం ఉంపుడుకత్తె అయింది. సర్ అంటే సర్. మేడమ్ అంటే మాత్రం అక్కడ కొన్ని సందర్భాల్లో వేశ్యావాటిక నడిపే ఆవిడ. మన మేడమ్‌కి ఆ మైల అంటలేదు, సంతోషించాలి.

మరి ఏ మాట ముద్దు, ఏ మాట చులకన, పరాయిదేశంలో మన పిల్లకి తెలిసేదెలా? నిఘంటువు చెప్పదు. గొంతును బట్టి తెలుస్తుందంటారు కానీ గొంతు మోసం చేస్తుంది. నేను చూసినంతలో ఒకే ఒక్క గుర్తు ఉంది. అవతలివాళ్ళు అన్న మాటని తను తిరిగి వాళ్ళని అనగలదా? నాటింగ్‌హామ్ బస్సు డ్రైవరు డక్ అంటే దిగేటప్పుడు "థాంక్స్, డక్" అనొచ్చు. అతను నవ్వుతాడు, బహుశా మురిసిపోతాడు. తిరిగి అనడానికి వీల్లేని మాట అయితే, అది ఎంత తియ్యగా ఉన్నా, పైనుంచి కిందికి విసిరిందే.

ఈ లెక్క నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు యూరపు భాషల్లోని నువ్వు, మీరుల మీద చేసిన అధ్యయనంలో ఇదే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు "నువ్వు" అనుకుంటే స్నేహం. ఒకరు "నువ్వు" అంటే రెండోవారు "మీరు" అనాల్సి వస్తే అధికారం. మన ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాల మధ్య నడిచే పిలుపులు గుర్తుకొస్తున్నాయి కదూ. వచ్చినా ఇప్పుడు అటు పోవద్దు, అది ఇంకో ప్రసంగం.

ఈ గుర్తు ఎలా పనిచేస్తుందో ఒక సంఘటనలో చూద్దాం. 2011 ఏప్రిల్‌లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నల సమయం. ప్రతిపక్ష సభ్యురాలు ఏంజెలా ఈగల్ గట్టిగా అడ్డు తగులుతుంటే ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ "శాంతించు, డియర్" అన్నాడు, అదీ రెండు మూడు సార్లు. అది అప్పట్లో జనం నోళ్ళలో నానిన ఒక బీమా ప్రకటనలోని మాట. సినిమా దర్శకుడు మైకేల్ విన్నర్ ఆ ప్రకటనలో అనేవాడు. సరదాకి అన్నాడన్నారు కామెరాన్ పక్షంవాళ్ళు. సభలో సగం నవ్వింది, సగం భగ్గుమంది. క్షమాపణ అడిగితే అప్పుడు చెప్పలేదు. కొన్ని నెలల తర్వాత ఒక పత్రికతో మాట్లాడుతూ తప్పు ఒప్పుకున్నాడు. డియర్ అనే మాటలో పాపమేముంది, ఉత్తరాల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా రాస్తాం కదా? కానీ మన గుర్తు పెట్టి చూడండి. ప్రధానమంత్రి ప్రసంగిస్తుండగా ఒక సభ్యురాలు లేచి "శాంతించండి, డియర్" అని ఉంటే ఆ సభ ఎలా తీసుకునేది? మరోటి, అంతటి ప్రధాని ఎదుటి పక్షంలోని మగ సభ్యుణ్ణి ఆ మాట అనేవాడా?

దీనికన్నా ఎంతో పెద్ద కథ అమెరికాది. అది చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసత్వం పోయి వందేళ్ళయినా, తెల్లవాళ్ళు నల్లజాతి మనిషికి మిస్టర్, మిసెస్, మిస్ అనే మాటలు ఇచ్చేవారు కాదు. యాభై ఏళ్ళ మగవాడు "బాయ్". ఆడమనిషి వయసులో ఉంటే పేరు పెట్టి పిలవడం, లేదా "గర్ల్". వయసు మళ్ళితే "ఆంటీ". ఇక్కడ ఆగాలి. మనకి పిన్ని, అత్త, ఆంటీ అనే వరసలు మర్యాద. అక్కడ ఆంటీ అనేది మిసెస్ అనకుండా తప్పించుకోవడానికి దొరికిన దారి. వరస కలిపినట్టే కలిపి మర్యాద ఎగ్గొట్టడం. ఆంట్ జెమైమా అని అట్లపిండి అమ్మిన కంపెనీవాళ్ళు ఈ చరిత్ర మోయలేక 2021లో ఆ పేరే మార్చేశారు.

1963లో అలబామా రాష్ట్రంలో గాడ్స్‌డెన్ అనే ఊళ్ళో పౌరహక్కుల ఉద్యమకారులని అరెస్టు చేశారు. వాళ్ళలో మేరీ హామిల్టన్ అనే యువతి ఉంది. కోర్టులో సాక్ష్యమివ్వడానికి బోనెక్కింది. ప్రాసిక్యూటరు తెల్లవాళ్ళని మిస్టర్, మిసెస్ అంటున్నాడు. ఈమె దగ్గరికి వచ్చేసరికి "మేరీ" అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు. తన పేరు మిస్ హామిల్టన్ అనీ, సరిగ్గా పిలిచేదాకా ఏ ప్రశ్నకీ బదులివ్వననీ చెప్పింది. జడ్జి చెప్పమన్నాడు. చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద 5 రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా వేశాడు. అలబామా సుప్రీంకోర్టు ఆ శిక్ష సరైనదేనంది. వ్యవహారం వాషింగ్టన్‌లోని అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1964 మార్చిలో ఆ కోర్టు వాదనలు కూడా వినకుండానే శిక్ష కొట్టేసింది. కోర్టు గదిలో నల్లజాతి సాక్షికీ తెల్లజాతి సాక్షికీ పిలుపులో తేడా చూపడం కుదరదని తేలిపోయింది.

"మేరీ" తిట్టు కాదు, బూతు కాదు, ఆమె సొంత పేరే. కానీ ఆ బోనులో నిలబడి ప్రాసిక్యూటరుని అతని పేరుతో పిలిచే వీలు ఆమెకి లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క మాట దగ్గర మొండికేయడం. ఆమె మొండికేసింది.

ఇదే "గర్ల్" అన్న మాటని నల్లజాతి ఆడవాళ్ళు తమలో తాము ఎలా వాడతారో వినాలి. "గర్ల్, నీకో సంగతి చెప్పనా" అన్నారంటే పీట వాల్చుకుని కూర్చోవాల్సిన కబురే. సిస్, సిస్టర్, ఈమధ్య క్వీన్, ఇవన్నీ ఆ గుంపులో మాటలే. బయటివాళ్ళు పైనుంచి వాడిన మాటని లోపల సమానంగా పంచుకుంటే దాని రంగే మారిపోయింది.

దుకాణాల్లో, హోటళ్ళలో వినబడే పిలుపులది మరో తీరు. నెస్సా వుల్ఫ్‌సన్, జోన్ మేన్స్ అనే ఇద్దరు భాషావేత్తలు అమెరికాలో కొనుగోలుదారులతో పనివాళ్ళు మాట్లాడే మాటలు పోగుచేసి 1980లో "నన్ను డియర్ అనకు" అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం వేశారు. దక్షిణాదిలో "మామ్" ఎక్కువ, ఈశాన్యంలో డియర్, హన్ ఎక్కువ అని వాళ్ళ లెక్క. మామ్ మేడమ్‌కి, హన్ హనీకి పొట్టిరూపాలు. బాల్టిమోర్ నగరంలో ఈ హన్ ఊరి గుర్తే అయిపోయింది. హాంప్డెన్ అనే పాత మిల్లు కార్మికుల పేటలో 1994 నుంచి హన్‌ఫెస్ట్ అని తిరునాళ్ళు కూడా చేస్తున్నారు. ఆడవాళ్ళు గోపురంలా జుట్టు ముడేసుకుని, పిల్లికళ్ళ అద్దాలు పెట్టుకుని వస్తారు. అక్కడి ఒక కేఫ్ యజమాని హన్ అనే మాటని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నట్టు 2010లో బయటపడింది. ఊరంతా తిరగబడింది. మా అమ్మమ్మలు పిలిచిన పిలుపు నీ సొత్తెలా అవుతుందని వీధికెక్కారు. మరుసటేడు ఆ హక్కు వదులుకోక తప్పలేదు. నాకు ఆ ఊరివాళ్ళ కోపం చాలా నచ్చింది.

ఇవే పిలుపులు ఫోన్లో మన దాకా కూడా వస్తాయి. మన కాల్ సెంటర్లలో రాత్రి డ్యూటీలు చేసిన ఆడపిల్లల్ని కదిపి చూడండి. అవతల అమెరికా నుంచి ఫోన్ చేసినావిడ "హనీ, స్వీటీ" అంటుంది. మగాడు "స్వీట్‌హార్ట్" అంటాడు. ఇటువైపు పిల్ల మాత్రం కంపెనీ రాసిచ్చిన కాగితం ప్రకారం సర్, మామ్ అనే అనాలి. పెద్దావిడ అన్న హనీలో నిజంగా వాత్సల్యమే ఉండొచ్చు. తిరిగి అనే వీలు మాత్రం లేదు.

మనవాళ్ళు ఇంగ్లీషు పిలుపుల్ని తెచ్చుకున్నప్పుడు ఒక తమాషా చేశారు. దేన్నీ ఒంటరిగా ఉండనివ్వలేదు. నర్సు నర్సమ్మ, డాక్టరు డాక్టరమ్మ, టీచరు టీచరమ్మ. చివరికి మిస్ కూడా మిస్సమ్మ అయింది. ఎల్.వి.ప్రసాద్ 1955లో తీసిన సినిమాలో సావిత్రి వేసిన మేరీ పాత్రకి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. మిస్ అంటే పెళ్ళికాని పిల్ల, అమ్మ అంటే మనకి గౌరవం. రెండూ కలిపి నోరారా పిలిచేశారు. పెళ్ళయిందా లేదా అన్నది పిలుపులోంచి తీసెయ్యడానికి అమెరికాలో పెద్ద పోరాటమే జరిగింది. "మిజ్" పేరుతో పత్రిక 1972లో మొదలైతే, న్యూయార్క్ టైమ్స్ ఆ మాటని తన పేజీల్లోకి రానిచ్చింది 1986లో.

ఇక నేటి కుర్రకారు. అమెరికాలో నలుగురు ఆడవాళ్ళు హోటల్లో కూర్చుంటే వడ్డించే పిల్ల వచ్చి "యూ గైజ్, ఏం తీసుకుంటారు" అంటుంది. గై అన్నది 1605లో పార్లమెంటు పేల్చబోయి దొరికిన గై ఫాక్స్ పేరు నుంచి వచ్చిన మగ మాట. డ్యూడ్, బ్రో, మేట్, అన్నీ మగపిల్లలవే. అమ్మాయిలు హాయిగా తీసేసుకున్నారు. మన కాలేజీల్లో ఆడపిల్లలు ఒకరినొకరు "ఏరా, రారా, మామా" అనుకోవడం మీరు వినే ఉంటారు. పెద్దవాళ్ళు విసుక్కుంటారు కానీ నాకందులో తప్పు కనబడదు.

అయితే ఎదురుదారిలో మాత్రం రాకపోకలు లేవు. మగపిల్లలు సరదాకైనా ఒకరినొకరు ఏమే, పోవే అనుకుంటే అది ఎగతాళే. ఇంగ్లీషు సైన్యాల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళని హవల్దారు "లేడీస్" అన్నాడంటే తిట్టాడని అర్థం. ఆడవాళ్ళ పిలుపు మగాడికి తగిలిస్తే అవమానం. ఎక్కడైనా ఇంతే అనుకునేలోపు యార్క్‌షైర్ అడ్డొస్తుంది. అక్కడి ఒకప్పటి గనుల ఊళ్ళలో, బార్న్‌స్లీ, షెఫీల్డ్ వైపు, బస్సులో టికెట్ ఇచ్చే మొరటు మనిషి ఎక్కిన ఆడమనిషిని "లవ్" అంటాడు, ఆమె వెనకాలే ఎక్కిన ఆరడుగుల కార్మికుణ్ణి కూడా "లవ్" అంటాడు. ఆ కార్మికుడు థాంక్స్ చెబుతూ "టా, లవ్" అని చిల్లర జేబులో వేసుకుని వెళ్ళి కూర్చుంటాడు.